రెండు డిజిటల్ మిక్సర్లు, ఒకే స్టేజీ బాక్స్: స్విచ్ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

దేవరకొండ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "అన్నా, మా దగ్గర బెరింగర్ ఎక్స్32, రెండు ఎస్16 స్టేజీ బాక్సులు ఉన్నాయి. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్32 కాంపాక్ట్ దొరికితే తీసుకున్నాం. పెద్దది జనం మధ్యలో మెయిన్‌కి, చిన్నది స్టేజీ పక్కన మానిటర్‌కి పెట్టాలని ఉంది. రెండింటినీ ఒక నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపితే సరిపోతుందా, డాంటే కార్డులు కొనాలా? యూట్యూబ్ లైవ్ వాళ్ళకు కూడా ఆడియో ఇవ్వాలి."

స్విచ్ వద్దు. డాంటే (ఆడియోను నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) కూడా ఇప్పుడు అవసరం లేదు. మీ నాలుగు పెట్టెల్లోనూ, అంటే రెండు మిక్సర్లలోనూ, స్టేజీ మీద మైకులు గుచ్చే రెండు స్టేజీ బాక్సుల్లోనూ, ఏఈఎస్50 పోర్టులు (ఆడియోను డిజిటల్‌గా పంపేవి) రెండేసి ఉన్నాయి. మంచి షీల్డెడ్ కేబుళ్ళు ఉంటే స్టేజీ మీది 32 ఇన్‌పుట్లూ రెండు మిక్సర్లకూ వచ్చేస్తాయి. కార్డులకు పెట్టాలనుకున్న డబ్బు కేబుల్ మీద, యూపీఎస్ మీద పెట్టండి. కాకపోతే వైరు గుచ్చే ముందే మీ ఇద్దరు ఆపరేటర్లు కూర్చుని రెండు సంగతులు తేల్చుకోవాలి. గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ను మొదట ఎంత పెంచాలన్నది, ఎవరి చేతిలో ఉంటుంది? డిజిటల్ పెట్టెలన్నిటినీ ఒకే లయలో నడిపే క్లాక్ ఏ మిక్సర్‌ది? నల్లగొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ వైపు జాతరలకూ సువార్త సభలకూ ధూంధాంలకూ సౌండ్ చేస్తూ రెండు మిక్సర్ల సెటప్‌లో నేను చూసిన గొడవలన్నీ దాదాపుగా ఈ రెండింటి దగ్గర పుట్టినవే.

ముందు స్విచ్ ఎందుకు పనికిరాదో చెప్తాను, ఎందుకంటే ఇది చాలామంది పడే పొరపాటు. ఏఈఎస్50 పోర్టు చూడటానికి ఇంటర్నెట్ వైరు పెట్టే ఆర్‌జే45 లాగే ఉంటుంది. లోపల కథ వేరు. కేబుల్‌లోని నాలుగు జతల్లో కొన్ని ఆడియో డేటాకు, మిగతావి క్లాక్ సిగ్నల్‌కు పోతాయి. స్విచ్‌కు ఆ క్లాక్ సిగ్నల్ అర్థం కాదు, అవతలికి పంపదు. కాబట్టి ఇది పెట్టె నుంచి పెట్టెకు నేరుగా వెళ్ళాల్సిన వైరు, మధ్యలో ఇంకేదీ ఉండకూడదు. ఒక్కో పోర్టు మీద 48 ఛానెళ్ళు పోతాయి, 48 వస్తాయి. మీ 32కి అది ఎక్కువే. ఇంకో సంగతి, ఎక్స్32 వెనకాల ఇలాంటి పోర్టులే నాలుగుంటాయి: ఏఈఎస్50 ఏ, బి, పీ16 పర్సనల్ మిక్సర్లకు పోయే అల్ట్రానెట్, ఐప్యాడ్ రూటర్ పెట్టే ఈథర్‌నెట్. చీకట్లో చేయి తడిమి గుచ్చితే తప్పు పోర్టులోకి పోతుంది. ఏఈఎస్50 రెండింటికీ రంగు టేపులు చుట్టేయండి, అల్ట్రానెట్ వాడకపోతే దాని మీద టేపు అడ్డంగా వేసేయండి.

ఏది ముందు, ఏది వెనక

కలిపే వరుస రెండు రకాలుగా ఉండొచ్చు. స్టేజీ బాక్స్ నుంచి పక్కనే ఉన్న మానిటర్ మిక్సర్‌కు, అక్కడి నుంచి పొడుగు కేబుల్‌తో మెయిన్‌కు. లేదా స్టేజీ బాక్స్ నుంచి నేరుగా మెయిన్‌కు, మెయిన్ నుంచి ఇంకో కేబుల్‌తో వెనక్కి మానిటర్‌కు. మొదటి దాంట్లో ఒక పొడుగు కేబుల్ మిగులుతుంది. అందుకే అందరూ అదే చేస్తారు.

నేను రెండోదే చేస్తాను. ఎందుకంటే మొదటి వరుసలో మానిటర్ మిక్సర్ కరెంటు పోతే, లేదా ఎవరో కాలు తగిలి ప్లగ్ ఊడితే మెయిన్‌కు కూడా ఏమీ రాదు. జనానికి మొత్తం నిశ్శబ్దం. రెండో వరుసలో మానిటర్ ఆగిపోతే పాడేవాళ్ళకు ఇబ్బంది అవుతుంది కానీ మైదానంలో పాట ఆగదు. ఇక మెయిన్ మిక్సరే ఆగిపోతే ఎలా కలిపినా జనానికి వినపడదు, ఆ తేడా అక్కడ లేదు. బెరింగర్ వాళ్ళు ఒక్కో ఏఈఎస్50 కేబుల్ 80 మీటర్లు దాటొద్దంటారు. మన మైదానాల్లో స్టేజీకీ మెయిన్‌కీ మధ్య 40, 50 మీటర్లకు మించి ఉండదు కాబట్టి పోనూ రానూ రెండు కేబుళ్ళు ఒకే దారిలో వేసుకోవచ్చు.

మీ సెటప్‌కు ఇలా: మొదటి ఎస్16 పోర్టు బి నుంచి రెండో ఎస్16 పోర్టు ఏకు చిన్న కేబుల్. మొదటి ఎస్16 పోర్టు ఏ నుంచి ఎక్స్32 పోర్టు ఏకు పొడుగు కేబుల్. ఎక్స్32 పోర్టు బి నుంచి కాంపాక్ట్ పోర్టు ఏకు ఇంకో పొడుగు కేబుల్. ఎక్స్32లో రౌటింగ్ పేజీకి వెళ్ళి, ఏఈఎస్50 బి ట్యాబ్‌లో 1–8 కి ఏఈఎస్50 ఏ 1–8, అలా 25–32 వరకు నాలుగు బ్లాకులు పెట్టండి. కాంపాక్ట్‌లో ఇన్‌పుట్లన్నీ ఏఈఎస్50 ఏ 1–32. మెయిన్ స్పీకర్ల యాంప్లిఫయర్లకు ఎస్16 అవుట్‌పుట్ల నుంచి ఇవ్వండి. మానిటర్ వెడ్జ్‌లకు (పాడేవాళ్ళ ముందు పెట్టే స్పీకర్లకు) కాంపాక్ట్ వెనకాల ఉన్న ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్లు ఎనిమిదీ సరిపోతాయి, మిక్సర్ స్టేజీ పక్కనే కదా. ఆ ఛానెళ్ళను నెట్‌వర్క్‌లో తిప్పాల్సిన పనే లేదు. 8 ఛానెళ్ళ బ్లాకులు ఇబ్బందిగా ఉంటే, 4.0 ఫర్మ్‌వేర్ (మిక్సర్ లోపలి సాఫ్ట్‌వేర్) నుంచి ఒక్కో ఛానెల్‌ను విడిగా కూడా రౌట్ చేసుకోవచ్చు. రెండు మిక్సర్లలోనూ ఒకే ఫర్మ్‌వేర్ ఉండేలా చూసుకోండి.

గెయిన్ ఒక్కరి చేతిలోనే

పాత అనలాగ్ స్ప్లిట్‌లో మైక్ సిగ్నల్ రెండుగా చీలి, రెండు మిక్సర్లలో రెండు ప్రీయాంప్‌లకు (మైక్ సిగ్నల్‌ను పెంచే భాగాలకు) వెళ్ళేది. ఎవరి గెయిన్ వాళ్ళది. ఇప్పుడు ప్రీయాంప్ స్టేజీ బాక్స్‌లో ఉంది, అది ఒక్కటే ఉంది. రెండు మిక్సర్లూ అది ఇచ్చిన సిగ్నల్‌నే పంచుకుంటాయి.

దీని ఫలితం స్టేజీ మీద ఎలా ఉంటుందో చూడండి. గాయని మైక్ గెయిన్ 36 డీబీ. రెండో పాటలో వెడ్జ్ నుంచి ఫీడ్‌బ్యాక్ మొదలైంది. మానిటర్ దగ్గరున్న కుర్రాడు అలవాటుగా పై నాబ్ పట్టుకుని 30కి దించాడు, ఫీడ్‌బ్యాక్ ఆగింది. అదే క్షణంలో మైదానంలో ఆమె గొంతు 6 డీబీ పడిపోయింది. మెయిన్ దగ్గరున్నాయన ఏం జరిగిందో తెలియక ఫేడర్ తోశాడు. ఫేడర్ అవుట్‌పుట్‌ను పెంచుతుంది కానీ దానికి ముందున్న కంప్రెసర్‌కు (గొంతు మరీ పెరిగితే అణిచేదానికి) అందే లెవెల్ తగ్గే ఉంది, కాబట్టి కంప్రెసర్ పట్టడం మానేసింది. చరణంలో ఆమె ఒక్కసారి గొంతు ఎత్తగానే స్పీకర్లు అరిచాయి. ఈలోగా వెడ్జ్‌లో వినపడటం లేదని గాయని సైగ చేసింది, కుర్రాడు గెయిన్ మళ్ళీ 36కి పెట్టాడు. ఇప్పుడు మెయిన్‌లో ఫేడర్ పైన ఉంది, గెయిన్ కూడా పెరిగింది. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక సభలో అచ్చంగా ఈ వరుసలోనే జరగడం నేను పక్కన నిలబడి చూశాను. ఇద్దరూ పని తెలిసినవాళ్ళే. ఆ గంటసేపు ఒకరినొకరు తిట్టుకున్నారు, ఇద్దరూ తమ తమ మిక్సర్‌లో చేసింది సరైన పనే.

కాబట్టి నా పద్ధతి ఇది. సౌండ్ చెక్‌లో మెయిన్ ఆపరేటర్ గెయిన్ పెడతాడు, తర్వాత ఇద్దరూ దాన్ని ముట్టుకోరు. మామూలుగా పాడినప్పుడు మీటర్ మైనస్ 18 దగ్గర ఆడితే గట్టిగా అరిచినా చోటు మిగులుతుంది. మానిటర్ వైపు లెవెల్ మార్చాలంటే ఛానెల్‌లో డిజిటల్ ట్రిమ్ ఉంది, అటూ ఇటూ 18 డీబీ వరకు. దానితో మార్చితే ఆ మిక్సర్ వరకే మారుతుంది. ఏ ఫర్మ్‌వేర్‌లో ఏ మిక్సర్ నుంచి ప్రీయాంప్ కదులుతుంది అన్న లెక్కల మీద ఆధారపడకండి, కాంపాక్ట్ మీద గెయిన్ నాబ్ పక్కన టేపు వేసి "ట్రిమ్ మాత్రమే" అని రాయండి. నవ్వొచ్చినా పని చేస్తుంది. కార్యక్రమం మధ్యలో గెయిన్ మార్చక తప్పకపోతే ముందు టాక్‌బ్యాక్‌లో (ఆపరేటర్లు మాట్లాడుకునే లైన్‌లో) చెప్పి మార్చాలి.

యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలో రియో స్టేజీ బాక్సులతో గెయిన్ కాంపెన్సేషన్ అని ఒకటుంది. ఒకరు ప్రీయాంప్ దించితే, అంత మేర డిజిటల్‌గా పెంచి రెండో మిక్సర్‌కు తేడా తెలియకుండా చేస్తుంది. ఆ సౌకర్యం అలవాటైన ఆపరేటర్ మీ ఎక్స్32 మీదకు వస్తే ఈ విషయం ముందే చెప్పండి.

టిక్ టిక్ వస్తే ముందు క్లాక్ చూడండి

డిజిటల్ పెట్టెలన్నీ ఒకే క్లాక్ మీద నడవాలి. ఒకటి ఇస్తుంది, మిగతావి తీసుకుంటాయి. మీ సెటప్‌లో ఎక్స్32 సెటప్ పేజీలో సింక్ (క్లాక్ ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) ఇంటర్నల్, రేటు 48 కిలోహెర్ట్జ్. కాంపాక్ట్‌లో సింక్ ఏఈఎస్50 ఏ, రేటు అదే 48. ఎస్16లు మిక్సర్ క్లాక్‌ను వాటంతట అవే తీసుకుంటాయి.

కాంపాక్ట్ కూడా ఇంటర్నల్‌లోనే ఉండిపోతే మొదట అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆడియో వస్తుంది, మీటర్లు ఆడతాయి. తర్వాత ఉండీ ఉండీ చిన్న టిక్ వినపడుతుంది. వెడ్జ్‌లో డప్పు మోగుతుంటే తెలియదు, హార్మోనియం శ్రుతి పట్టినప్పుడు తెలుస్తుంది. మిర్యాలగూడలో ఒక టీమ్ ఇదే టిక్ కోసం కేబుళ్ళన్నీ మార్చి, మైకులు మార్చి, చివరికి స్టేజీ బాక్స్ పోయిందనుకుని ఇంకో బాక్స్ కోసం హైదరాబాద్‌కు కారు పంపడానికి సిద్ధమైంది. సింక్ పేజీ తెరిచి ఒక్క లైన్ మార్చాక టిక్ పోయింది. మీది సెకండ్ హ్యాండ్ మిక్సర్, పాత ఓనర్ 44.1లో పెట్టుకుని ఉండొచ్చు. ఇనిషియలైజ్ చేసి మొదటి నుంచి సెట్ చేసుకోవడం మేలు, చేశాక సింక్ ఇంటర్నల్‌కు వెళ్ళిపోయిందేమో మళ్ళీ చూడండి.

ఆలస్యం గురించి కూడా చాలామంది భయపడతారు. స్టేజీ బాక్స్‌లోకి వెళ్ళి, మిక్సర్ దాటి, మళ్ళీ స్టేజీ బాక్స్ నుంచి బయటకు రావడానికి ఎక్స్32కి కంపెనీ చెప్పే లెక్క 1.1 మిల్లీ సెకండ్లు. గాలిలో శబ్దం ఒక మిల్లీ సెకండ్‌లో 34 సెంటీమీటర్ల పైన పోతుంది. అంటే వెడ్జ్ ఓ అడుగు వెనక్కి జరిపినంత. మీ వరుసలో కాంపాక్ట్‌కు ఇంకో అంచె పెరుగుతుంది, అయినా లైవ్‌కు అది పట్టించుకోవాల్సినంత కాదు.

కేబుల్ దగ్గర కక్కుర్తి వద్దు

సీసీ కెమెరాలకు వేసే కేబుల్ పనికిరాదు. అందులో తీగ గట్టి సింగిల్ కోర్, గోడకు కొట్టి వదిలేయడానికి చేసింది. రోజూ డ్రమ్ముకు చుట్టి విప్పుతుంటే లోపల విరుగుతుంది, బయటికి కనపడదు. చవకగా దొరికే వాటిలో అల్యూమినియం మీద రాగి పూత వేసినవీ ఉంటాయి. మీకు కావాల్సింది షీల్డ్ ఉన్న క్యాట్5ఈ, స్ట్రాండెడ్ రాగి తీగ, రెండు చివరలా లోహపు తొడుగున్న ఈథర్‌కాన్ కనెక్టర్లు. షీల్డ్ రెండు వైపులా కనెక్టర్ లోహానికి అతికి ఉండాలి. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి ఈ చివర తొడుగు మీద ఒక ప్రోబ్, ఆ చివర తొడుగు మీద ఇంకోటి పెట్టండి. బీప్ రాకపోతే ఆ కేబుల్ తిరిగి ఇచ్చేయండి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఈ పరీక్ష చేయకుండా డబ్బు కట్టకండి.

ఇంత పట్టింపు ఎందుకంటే ఏఈఎస్50కి స్టాటిక్ కరెంటు పడదు. ఎండాకాలం మహబూబ్‌నగర్ వైపు గాలి పొడిబారి ఉంటుంది, స్టేజీ మీద సింథటిక్ కార్పెట్ వేస్తారు. యాంకర్ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చి స్టాండ్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. షీల్డ్ సరిగా లేని కేబుల్ అయితే ఆ చురుకుతో పాటు సౌండ్ కూడా ఒక క్షణం తెగిపోతుంది. రెండు కేబుళ్ళను ప్లాస్టిక్ కప్లర్‌తో అతికించి పొడుగు చేయడం కూడా ఇందుకే వద్దనేది, షీల్డ్ అక్కడే తెగిపోతుంది. పొడుగు చాలకపోతే పొడుగు కేబుల్ కొనాలి.

ఎక్స్32లో ఒక కేబుల్ తెగితే ఇంకోటి దానంతటదే అందుకునే ఏర్పాటు లేదు. అందుకని పక్కనే ఒక స్పేర్ పొడుగు కేబుల్ ముందే పరిచి ఉంచుతాను, రెండు చివరలూ మిక్సర్ పక్కనే. మైదానంలో ట్రాక్టర్ దారి ఉంటే ర్యాంప్ వేయండి, లేదా రెండు వెదురు బొంగులు పాతి పైనుంచి తీసుకెళ్ళండి. నేల మీద మట్టి కప్పితే సరిపోదు, ట్రాలీ చక్రం కేబుల్‌ను నలిపేస్తుంది.

కరెంటు: అన్నిటికన్నా నేను భయపడేది

షీల్డ్ రెండు వైపులా అతికి ఉండాలన్నాను కదా, దానితో ఒక ప్రమాదం ఉంది. స్టేజీకి జనరేటర్, మెయిన్ మిక్సర్‌కు దగ్గర్లో దొరికిన ఇంకో లైను. జాతరల్లో ఇది మామూలే, పక్కనున్న కొబ్బరికాయల కొట్టు నుంచి ఒక వైరు లాగేస్తారు. రెండు చోట్లా ఎర్త్ వేరు, ఒక్కోసారి ఒక వైపు ఎర్తే ఉండదు. ఆ తేడా అంతా మీ కేబుల్ షీల్డ్ మీదుగా ప్రవహిస్తుంది. హమ్ వస్తే అదృష్టం, పోర్టు కాలిపోవచ్చు, మనిషికి షాక్ కొట్టొచ్చు.

మెయిన్ మిక్సర్‌కు కరెంటు స్టేజీ డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచే, సిగ్నల్ కేబుల్ పోయే దారిలోనే తీసుకెళ్ళండి. ఎవరు ఏం చెప్పినా సరే. గుచ్చే ముందు మల్టీమీటర్ ఏసీ వోల్టేజీలో పెట్టి, స్టేజీ వైపు నుంచి వచ్చిన కేబుల్ తొడుగు మీద ఒక ప్రోబ్, మిక్సర్ బాడీ స్క్రూ మీద ఇంకోటి పెట్టి చూడండి. ఒకటి రెండు వోల్టులు దాటితే నేను ఆ కేబుల్ గుచ్చను, ముందు ఎర్త్ సంగతి చూస్తాను. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అంటాడు. మీటర్ ఆయనకు చూపించండి.

ఇక జనరేటర్ మారినప్పుడు కరెంటు ఒక్క సెకండు పోయినా మిక్సర్ మళ్ళీ బూట్ కావాలి. రెండు మిక్సర్లకూ, స్టేజీ బాక్సులకూ యూపీఎస్ పెట్టండి. మిక్సర్లకు పెట్టి స్టేజీ బాక్సులకు మరిచిపోయేవాళ్ళు చాలామంది.

పాత మల్టీకోర్ (ఒకే కట్టలో చాలా మైక్ లైన్లున్న అనలాగ్ కేబుల్) అమ్మేయకండి. అందులోంచి యాంకర్ మైక్ ఒక లైను నేరుగా ఎక్స్32 లోకల్ ఇన్‌పుట్‌కు, ఎక్స్32 లోకల్ అవుట్‌పుట్ నుంచి మెయిన్ యాంప్‌కు ఒక జత వేసి ఉంచండి. డిజిటల్ లైన్ మొత్తం పోయినా మైక్‌లో ఒక మాట చెప్పగలిగితే జనం కదలరు, మీకు సరిచేసుకునే టైమ్ దొరుకుతుంది. జాతరలో తప్పిపోయిన పిల్లల అనౌన్స్‌మెంట్లు కూడా ఉంటాయి కాబట్టి ఈ ఒక్క మైక్ విషయంలో నేను రాజీపడను.

డాంటే ఎప్పుడు కొనాలి

ఆడియో మూడు నాలుగు చోట్లకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు. మెయిన్, మానిటర్, రికార్డింగ్ గది, లైవ్ వ్యాన్, దూరంగా ఇంకో హాలు, ఇలా. ఆస్ట్రేలియాకు చెందిన ఆడినేట్ అనే కంపెనీది డాంటే. దీనికి మామూలు గిగాబిట్ స్విచ్‌లు పనికొస్తాయి, ఎందుకంటే ఇందులో క్లాక్ కూడా ఆడియోతో పాటు నెట్‌వర్క్ ప్యాకెట్ల రూపంలోనే ప్రయాణిస్తుంది. గిగాబిట్ లైన్ మీద 48 కిలోహెర్ట్జ్‌లో 512 ఛానెళ్ళు అటూ 512 ఇటూ పోతాయి. ప్రైమరీ, సెకండరీ అని రెండు వేర్వేరు దారులు వేస్తే ఒకటి తెగినా ఆడియో ఆగదు. ఆ రెండు దారులనూ ఎక్కడా ఒకదానితో ఒకటి కలపకూడదు.

ఎక్స్32కి దొరికే డాంటే కార్డు 32 ఛానెళ్ళది, అది యూఎస్‌బీ కార్డు ఉన్న స్లాట్‌లోనే పెట్టాలి. అంటే ల్యాప్‌టాప్‌లోకి నేరుగా చేసే యూఎస్‌బీ రికార్డింగ్ ఇక కుదరదు. ఇది కొన్నాక తెలిసి బాధపడినవాళ్ళున్నారు. స్విచ్ కొంటే సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్ కొనండి, కరెంటు ఆదా చేసే ఈఈఈ అనే సెట్టింగ్ ఆపేయండి, క్వాలిటీ ఆఫ్ సర్వీస్ సెట్టింగ్‌లో క్లాక్‌కు మొదటి ప్రాధాన్యం, ఆడియోకు రెండోది ఇవ్వండి. లేటెన్సీ (ఆలస్యం) మొదట 1 మిల్లీ సెకండ్ దగ్గరే వదిలేయండి. వైఫై మీద డాంటే నడపడానికి ప్రయత్నించకండి.

ఫంక్షన్ హాల్ మేనేజర్లు "స్టేజీ దగ్గర ల్యాన్ పాయింట్ ఉంది సార్, అదే వాడుకోండి" అంటారు. అది పోయి సీసీ కెమెరాల స్విచ్‌లో కలుస్తుంది. మర్యాదగా వద్దని చెప్పి మీ కేబుల్ మీరు వేసుకోండి.

యూట్యూబ్ లైవ్‌కు మీకు ఇవేవీ అక్కర్లేదు. ఎక్స్32లో ఒక జత మ్యాట్రిక్స్ (విడిగా కలుపుకునే అవుట్‌పుట్లు) లైవ్ కోసం కేటాయించి, ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేషన్ బాక్స్ ద్వారా వాళ్ళకు రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్లు ఇవ్వండి. వాళ్ళ కరెంటు వేరే చోట నుంచి వస్తుంది కాబట్టి ఆ బాక్స్ తప్పనిసరి. వీలైతే జనం వైపు తిప్పిన ఒక మైక్ కూడా అందులో కలపండి, చప్పట్లు లేని లైవ్ చచ్చినట్టు ఉంటుంది. పెదాల కదలికకూ మాటకూ తేడా వస్తుంటే వాళ్ళ స్విచ్చర్‌లోనే ఆడియోను వెనక్కి జరపమనండి, లేదా ఎక్స్32 ఆ అవుట్‌పుట్‌కే డిలే పెట్టండి, 500 మిల్లీ సెకండ్ల వరకు ఉంది.

ఐప్యాడ్ రూటర్ ఆడియోకు సంబంధం లేనిది, అది కంట్రోల్‌కు మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెట్టండి, వేల ఫోన్లు ఉన్న మైదానంలో 2.4 మీద ఐప్యాడ్ నిలవదు.

మొదటిసారి కార్యక్రమంలోనే కలపకండి. మీ గోడౌన్‌లో నాలుగు పెట్టెలూ పెట్టి, పొడుగు కేబుళ్ళు డ్రమ్ము మీద ఉన్నవి ఉన్నట్టే గుచ్చి, ఒక పాట నడుపుతూ సాయంత్రం వరకు వదిలేయండి. మధ్యలో కాంపాక్ట్ స్విచ్ ఆఫ్ చేసి మెయిన్‌కు ఏమవుతుందో చూడండి, కేబుల్ పీకి మళ్ళీ పెట్టి ఎంతసేపట్లో ఆడియో వస్తుందో చూడండి. అక్కడ ఎక్కడైనా ఆగితే రెండు మిక్సర్ల ఫర్మ్‌వేర్ నంబర్లు, సింక్ పేజీ ఫొటో, ఎస్16 ముందు భాగంలో వెలిగే లైట్ల ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.